రెండో గేటు చాటింపు

ఫోన్లలో గంట కొట్టడం నా ఉద్యోగం. వినడానికి వెటకారంగా ఉన్నా నిజం అదే. గచ్చిబౌలిలో ఒక కంపెనీలో కూర్చుని, ఏ సందేశం ఏ వేళకు పంపితే జనం దాన్ని తెరిచి చూస్తారో తేల్చే బృందానికి నేను పెద్దను. బుట్టలో కూరగాయలు మరిచిపోయారని, మీ కోసం కానుక ఎదురుచూస్తోందని మీ ఫోను రోజుకు పదిసార్లు గునుస్తుంది చూడండి, అందులో ఒకటో రెండో నా చేతి చలవే. పది లక్షల మందికి పంపితే ముప్పై వేల మంది తెరిచారంటే ఆ రోజు మాకు పండగ. మిగతావాళ్లంతా వేలితో పక్కకు తోసేస్తారు. చెవిటివాడి ముందు శంఖం ఊదడం కూడా ఒక ఉద్యోగమేనా అని ప్రొద్దుటూరు నుంచి మా అమ్మ అడుగుతుంటుంది.

అలాంటి నాకు మాట అంటే ఏమిటో నేర్పినవాడు, తెల్లాపూర్‌లో మేముండే గేటెడ్ కమ్యూనిటీ రెండో గేటు కావలి మనిషి కిష్టయ్య. అరవై దాటిన మనిషి. నాతో అతని పరిచయం తగాదాతోనే మొదలైంది.

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. రెండేళ్ల కిందట ఒక ఆదివారం పొద్దున బాల్కనీలో కాఫీ తాగుతుంటే, గేటు దగ్గర ఎవరో ఇనుప డబ్బా మీద కొట్టిన చప్పుడు వినిపించింది. మూడు దెబ్బలు. వెంటనే ఒక పెద్ద గొంతు. డ్యూటీలో ఉండి ఈ అరుపులేమిటని చెప్పులు వేసుకుని దిగాను. దగ్గరికి వెళ్లేసరికి కిష్టయ్య, కార్లను ఆపే అడ్డకర్ర పక్కన నిటారుగా నిలబడి ఉన్నాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. బూట్లు విడిచి పక్కన పెట్టాడు. ఫోను నోటి దగ్గర పట్టుకుని చెబుతున్నాడు, ఎవరెవరు రేషన్ కార్డుకు వేలిముద్ర వేయలేదో వాళ్లు ఊరికి పోనక్కర లేదని, ఉన్నచోటే దగ్గరి రేషన్ దుకాణంలో వేయవచ్చని, ఈ నెలాఖరే గడువని. చెప్పినదాన్నే మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు. తిట్టడానికి వెళ్లినవాణ్ని, రెండోసారి కూడా చివరిదాకా విని, నా రేషన్ కార్డు ఎక్కడుందా అని ఆలోచిస్తూ నిలబడ్డాను.

తరువాత సాయంత్రాలు గేటు దగ్గర నిలబడి అతని కథ కొంచెం కొంచెంగా రాబట్టాను. సిద్దిపేట అవతల బండమీదిపల్లి వాళ్లది. తాత నుంచి ఊళ్లో చాటింపు వాళ్లది. తండ్రి లింగయ్య చేతి డప్పు పద్నాలుగో ఏట కిష్టయ్య చేతికొచ్చింది. తూము ఎప్పుడు ఎత్తుతారో, పోలియో చుక్కలు ఎక్కడ వేస్తారో, ఎవరి బర్రె తప్పిపోయిందో, ఎవరు పోయారో, అన్నీ అతని నోటి మీదుగానే ఊరికి తెలిసేవి. ప్రతి మూల మీదా మూడు దెబ్బలు కొట్టాలి. తలుపులు తెరిచి మనుషులు బయటికొచ్చేదాకా నోరు విప్పకూడదు. చాటింపులో అబద్ధం ఉండకూడదు, నవ్వు ఉండకూడదు. అన్నిటికన్నా గట్టి కట్టు ఒకటుంది. డప్పు ఊరిది కనుక, చాటింపు మనిషి తన ఇంటి మాట తాను చాటుకోకూడదు. లింగయ్య పోయిన రోజు కిష్టయ్య డప్పు ముట్టలేదు. పక్క ఊరి చాటింపు మనిషి చంద్రయ్యను పిలిపించి, తన తండ్రి చావును అతని నోటితో చెప్పించాడు.

తరువాత పంచాయతీ స్తంభానికి మైకు వచ్చింది. డప్పు గోడకెక్కింది. కిష్టయ్య, భార్య సత్తెమ్మతో పట్నం వచ్చి మాదాపూర్ బిల్డింగులకు ఇటుకలు మోశాడు. నడుము వంగాక కావలి పనిలో చేరాడు. మొదట్లో వచ్చేపోయేవాళ్లను పేరు అడిగి, ఏ ఫ్లాటో కనుక్కుని, ఇంటికి ఫోన్ చేసి చెప్పేవాడు. మా కమ్యూనిటీకి యాప్ వచ్చి ఆ మాటలూ పోయాయి. ఫోను మోగుతుంది, మనం లోపలి నుంచి సరే అంటాం, అడ్డకర్ర లేస్తుంది. పన్నెండు గంటల డ్యూటీలో పది మాటలు కూడా మాట్లాడని రోజులున్నాయట. నోరు పెట్టుకు బతికిన మనిషికి నోటితో పని లేని కొలువు.

మళ్లీ నోరు ఇచ్చింది వాట్సాప్. ఆ ఊరి కుర్రాడు అజయ్ ఇక్కడ క్యాబ్ నడుపుతాడు. ఊళ్లో ఉన్నవాళ్లనూ పట్నం వచ్చినవాళ్లనూ కలిపి నాలుగు వందల అరవై మందితో ఒక గ్రూపు పెట్టాడు. పెట్టి తల పట్టుకున్నాడు. సగం మందికి చదవడం రాదు. చదవడం వచ్చినవాళ్లు పొద్దున లేస్తే గులాబీ పువ్వులు, దేవుడి బొమ్మలు పంపుతారు. అసలు సంగతి ఆ పువ్వుల కింద పడి కనిపించదు. చివరికి అజయ్ రెండో గేటుకొచ్చి కాకా, నువ్వు గ్రూపుల చాటు, అందరు ఇంటరు అన్నాడు. కిష్టయ్య మొదటి చాటింపు, ఆరేళ్ల తరువాత ఊరి చెరువు నిండి మత్తడి దూకిందని. ఆ రోజు కోకాపేటలో పరంజా మీద సిమెంటు పూస్తున్నవాళ్లు, నార్సింగిలో అంట్లు తోముతున్నవాళ్లు, చేతులు తుడుచుకుని ఫోను చెవికి పెట్టుకుని విన్నారట. కొందరు ఏడ్చారట.

రేషన్ చాటింపు ఎంతమంది విన్నారో చూపించమని ఆ సాయంత్రం నేనే అడిగాను. నాలుగు వందల అరవైలో నాలుగు వందల ముప్పై ఒక్కమంది. పన్నెండేళ్ల కొలువులో అలాంటి అంకె నేను చూడలేదు, చూసినవాడినీ ఎరగను. కిటుకేమిటని అడిగితే కిష్టయ్య నవ్వాడు. ఊరికి పనికొచ్చే మాట ఉన్న రోజే చాటుతాడట. లేని రోజు ఊరుకుంటాడట. మా కంపెనీలో ఈ ముక్క చెబితే నా ఉద్యోగం ఊడుతుంది.

సత్తెమ్మ సంగతి ఇక్కడ చెప్పాలి. ఏడాదిగా ఆమెకు మరపు వస్తోంది. మొదట గిన్నెలు, తరువాత దారులు, తరువాత మనుషులు. తన పేరు పిలిచినా పలకడం మానేసింది. పిల్లలు లేరు. ఒంటరిగా కిరాయి గదిలో వదలలేక కిష్టయ్య ఆమెను తనతోపాటు గేటుకు తెచ్చుకునేవాడు. గేటు పక్క కానుగ చెట్టు నీడలో కూర్చుని వచ్చేపోయే కార్లను చూస్తుండేది. గేటు దగ్గర ముసలామె ఏమిటని మా గ్రూపులో ఒకాయన ఫిర్యాదు పెట్టాడు. నా కోపం ఒక్కసారి మంచిపనికి పనికొచ్చింది. ఆయన మళ్లీ నోరెత్తలేదు.

మొన్న వేసవిలో ఒక శనివారం పగలు పన్నెండు గంటలకు, గేటు దగ్గర రెండు నీళ్ల ట్యాంకర్లు, పెళ్లి సామాన్ల లారీ ఒకేసారి ఇరుక్కున్నాయి. కిష్టయ్య వాటిని విడదీసి వెనక్కి తిరిగేసరికి కానుగ నీడలో సత్తెమ్మ లేదు. చెప్పులు మాత్రం ఉన్నాయి.

నేను దిగి వచ్చేసరికి అతను చెప్పులు చేతిలో పట్టుకుని రోడ్డుకు అటూ ఇటూ నడుస్తున్నాడు. కెమెరాలు చూశాం. పన్నెండూ పదికి సత్తెమ్మ మెల్లగా రోడ్డు మీదికి నడిచి, నలుగురితోపాటు షేర్ ఆటో ఎక్కింది. ఆటో గచ్చిబౌలి వైపు వెళ్లింది. నంబరు కనిపించలేదు. బయట నలభై రెండు డిగ్రీల ఎండ. ఆమె చేతిలో ఫోను లేదు, నీళ్లు లేవు. ఇల్లెక్కడో, తన పేరేమిటో చెప్పుకోలేని మనిషి.

పోలీసులకు ఫోన్ చేస్తే వివరాలు తీసుకుని వెతుకుతామన్నారు. ఇక నా విద్య నేను మొదలుపెట్టాను. ఫొటో పెట్టి, ఎర్ర అక్షరాలతో రాసి, పద్దెనిమిది గ్రూపుల్లో, మూడు సైట్లలో వేశాను. శీర్షిక ఎలా ఉంటే వేలు ఆగుతుందో నాకన్నా ఎవరికి తెలుసు? గంటలో రెండు వందల మంది చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. అయ్యో పాపం అన్నారు. ఒకామె ఏ బ్లాకు అని అడిగింది. ఒకాయన ఇందుకే గేటు దగ్గర ముసలామె వద్దన్నానని రాశాడు. బయటికెళ్లి చూసినవాడు ఒక్కడు లేడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, ఆ రోజు నేనే అందరికీ లోకువైపోయాను.

అప్పుడు నాకు తట్టింది. మీ ఊరి గ్రూపులో చాటు పెద్దాయనా, అన్నాను.

కిష్టయ్య తల అడ్డంగా ఊపాడు. "ఇంటి మాట సార్. నేను చాటొద్దు. మా నాయిన సచ్చిన్నాడు గూడ నేను డప్పు ముట్టలే. మీరు చాటుండ్రి."

నాకు ఒళ్లు మండింది. భార్య ఎండలో ఎక్కడ పడి ఉందో తెలియదు, ఈ కట్టుబాటేమిటని అరిచాను కూడా. అతను కదల్లేదు. అతని ఫోను నా చేతిలో పెట్టాడు. సరేనని ప్రొద్దుటూరు యాసలో, శుభ్రంగా, ఆఫీసులో మాట్లాడినట్టు మాట్లాడి పంపాను. నేను సురేంద్రను, కిష్టయ్య ఫోను నుంచి మాట్లాడుతున్నాను, పెద్ద ఆపద వచ్చింది, దయచేసి అందరూ సాయం చేయండి అన్నాను.

రెండు నిమిషాల్లో కిష్టయ్య నంబరును గ్రూపులోంచి తీసేశారు.

ఏమైందో నాకు అర్థం కాలేదు. కిష్టయ్యకు అర్థమైంది. అతని ముఖం తెల్లబోయింది. ఆ ముందు వారమే ఊళ్లో శ్యామ్ అనే అతని ఫోనును మోసగాళ్లు పట్టుకుని, అతని పేరుతో ఊరందరినీ సాయం అడిగారట. అప్పుడు కిష్టయ్యే చాటాడు. ఎవరి నంబరు నుంచి వచ్చినా సరే, కొత్త గొంతు ఆపద అని చెబితే నమ్మవద్దు, ముందు ఆ నంబరును గ్రూపులోంచి తీసేసి తరువాత విచారించండి, అని. చాటినదాన్ని ఊరు తుచ తప్పకుండా పాటించింది. అతని మాట అంత బలమైనది కాబట్టే ఆ వేళ అతనికి అడ్డుపడింది.

అజయ్‌కు ఫోన్ చేశాం. అతను ఎక్కడో విమానాశ్రయం దారిలో ఉన్నాడు. కిష్టయ్య గొంతు విని బండి పక్కకు ఆపాడు. సంగతి విన్నాక అతను అన్న మాట స్పీకరులో నాకూ వినబడింది. "కాకా, ఆ సారు గొంతు ఎవలు ఇంటరే? నీ గొంతుకే తలుపులు దెరుస్తరు. నువ్వే చాటాలె." అంటూనే కిష్టయ్య నంబరును మళ్లీ గ్రూపులో కలిపాడు.

కిష్టయ్య సత్తెమ్మ చెప్పుల వైపు చూశాడు. తరువాత టోపీ తీశాడు. బూట్లు విప్పి, కాలే సిమెంటు మీద ఒట్టి కాళ్లతో నిలబడ్డాడు. ఇనుప డబ్బా మీద వేళ్ల కణుపులతో మూడు దెబ్బలు కొట్టాడు. తలుపులు తెరుచుకోవడానికి పట్టేంతసేపు ఆగాడు.

"ఇనుండ్రి. బండమీదిపల్లోళ్లు ఎక్కడున్నోళ్లు అక్కడ్నే ఇనుండ్రి. చాటేది లింగయ్య కొడుకు కిష్టయ్య. ఇయ్యాల ఇంటి మాట చాటుతున్న, ఊరు తప్పు వట్టొద్దు. నా ఇంటామె పగటి పన్నెండు నుంచి కనవడ్తలేదు. పచ్చ చీర, ఎడమ చేతికి కడెం, కాళ్లకు చెప్పుల్లేవు. తెల్లాపూర్ల ఆటో ఎక్కి గచ్చిబౌలి దిక్కు వోయింది. బండ్లు ఉరికే కాడ ఉండది, నీడ వట్టి కూసుంటది. సత్తెమ్మా అని పిలువకుండ్రి, ఆ పేరు మరిచింది. అయ్య పేరు వెట్టి నర్సయ్య బిడ్డా అనుండ్రి, పలుకుతది. చెయ్యి వట్టి గుంజకుండ్రి, బుగులువడ్తది. ముందుగాల నీళ్లియ్యుండ్రి."

మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. గొంతు ఎక్కడా వణకలేదు. చెప్పడం అయిపోయాక ఫోను నా చేతికిచ్చి రోడ్డు వైపు తిరిగాడు.

ఆ తరువాత గంటసేపు ఫోను ఆగలేదు. ముందు ఒక జవాబు వచ్చింది, గొంతుతోనే. నానక్‌రామ్‌గూడలో ఒక ఆఫీసు గేటు మీద ఉన్నా కాకా, నా దిక్కు రెండు బస్టాపులు చూసిన, లేదు. ఆ వెనక నల్లగండ్ల నుంచి చీపురు చేతిలో ఉన్న ఒకామె. ఆ వెనక మసీదుబండ నుంచి ఆటో అతను, ఆటో స్టాండు మొత్తానికీ చెప్పానని. కొండాపూర్ దవాఖానలో స్ట్రెచర్లు తోసే అతను లోపలంతా చూసి చెప్పాడు. ఒక టవరు ఇరవయ్యో అంతస్తు మీద అద్దాలు తుడిచే ఇద్దరు, పై నుంచి కనిపించినంత మేర పచ్చ చీర కోసం చూస్తున్నామన్నారు. అయ్యో పాపం అని ఒక్కరూ అనలేదు. ప్రతివాడూ తాను చూసిన చోటు చెప్పి, ఇక ఎటు చూడాలో అడిగాడు. నేను ల్యాప్‌టాప్ తెచ్చి మ్యాపు తెరిచి, ఒక్కో గొంతు ఎక్కడి నుంచి వస్తే అక్కడ ఒక చుక్క పెట్టాను. తెల్లాపూర్ నుంచి మాదాపూర్ దాకా చుక్కలే చుక్కలు. ప్రతి గేటుకూ, ప్రతి బేస్‌మెంటుకూ, ప్రతి వంటగదికీ ఒక చుక్క.

పన్నెండేళ్లుగా నేను ఈ దారిలో తిరుగుతున్నాను. ఇక్కడ కంపెనీలున్నాయనుకున్నాను, అపార్ట్‌మెంట్లున్నాయనుకున్నాను. వాటి కింద ఒక ఊరు ఊరంతా పరుచుకుని ఉందని, ఒక మనిషి మూడు దెబ్బలు కొడితే అది తలుపులు తెరుచుకుని బయటికి వస్తుందని నాకు తెలియదు. దండం పెట్టాలనిపించింది, ఎవరికి పెట్టాలో తెలియలేదు.

మూడు దాటాక నవనీత నుంచి ఫోన్ వచ్చింది. ఆ ఊరి పిల్లే. గచ్చిబౌలిలో ఒక ఆఫీసులో హౌస్‌కీపింగ్ పని. దొరికిందని చెప్పి ఏడ్చింది. మేం కారెక్కాం.

దారి పొడుగునా కిష్టయ్య చెప్పులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఎలా దొరికిందో నవనీత అక్కడికి వెళ్లాక చెప్పింది. మధ్యాహ్నం భోజనం చేసి ఫోను తెరిచిందట. ఆఫీసు గేటు కావలి అతనికి కూడా వినిపిద్దామని గట్టిగా పెట్టిందట. గోడ అవతల బైక్ ట్యాక్సీల వాళ్లు నిలబడే నీడలో ఎవరో ముసలామె వెనక్కి తిరిగి కూర్చుని ఉంది. ఫోనులో మూడు దెబ్బలు వినిపించగానే ఆమె లేచింది. కొంగు సర్దుకుంది. చాటింపు వినడానికి వాకిట్లోకి వచ్చినట్టు గేటు దాకా నడిచి వచ్చి, చేతులు కట్టుకుని నిలబడి, రెండుసార్లూ చివరిదాకా వింది.

విని, నవనీతను అడిగిందట. "అయ్యో, ఎవలింటామె తప్పిపోయిందవ్వా? పా, ఎతుకుదాం."

మేం వెళ్లేసరికి సత్తెమ్మ కావలి అతని కుర్చీలో కూర్చుని మజ్జిగ తాగుతోంది. కాళ్లు బొబ్బలెక్కాయి. కిష్టయ్య ఆమె ముందు నేల మీద కూర్చుని, చెప్పులు మెల్లగా తొడిగాడు. ఆమె అతన్ని చూసింది గానీ గుర్తుపట్టినట్టు లేదు. ఎవరో మంచి మనిషి అనుకున్నట్టు నవ్వింది.

చాటింపులో ఇంకో కట్టు ఉంది. తప్పిపోయింది దొరికితే దొరికిందని కూడా చాటాలి. లేకపోతే జనం వెతుకుతూనే ఉంటారు. ఎండలో రెండు వందల మంది ఇంకా తిరుగుతున్నారు. కిష్టయ్య ఫోను తీసి, కుర్చీ కోడు మీద మూడు దెబ్బలు కొట్టి, ఇనుండ్రి అన్నాడు. అంతే. ఆపైన గొంతు రాలేదు. మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ అక్కడే ఆగిపోయాడు. పద్నాలుగో ఏటి నుంచి ఊరికి గొంతైన మనిషి నోరు తెరిచి, ఒక్క మాట పెగలక, నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. నా గొంతు ఎవరు నమ్ముతారు?

అప్పుడు సత్తెమ్మ చెయ్యి చాపి అతని చేతిలోంచి ఫోను తీసుకుంది. చాటింపు మధ్యలో ఆగిపోవడం ఆమెకు నచ్చలేదేమో. ఏళ్ల తరబడి గడపలో నిలబడి విన్న వరసలోనే, ఒక్క పొల్లు పోకుండా చెప్పింది.

"ఇనుండ్రి. తప్పిపోయినామె దొరికిందట. ఇగ ఎతుకకుండ్రి. నీడకు వోండ్రి, నీళ్లు దాగుండ్రి."

మళ్లీ మొదటి నుంచి చెప్పింది. తరువాత ఫోను కిష్టయ్య చేతిలో పెట్టి, అతని ముఖం చూసి, జాలిగా అంది.

"పాపం, ఆమె మొగడు ఎంత పరేషాన్ అయిండో."

"అయిండు," అన్నాడు కిష్టయ్య.